లినక్స్ పొరుగు పట్టిక: పొదుపు మెచ్చదగినదే, పరిమితి మాత్రం ఇరుకు

ఐపీ చిరునామాకు తగిన మ్యాక్ చిరునామాను (నెట్‌వర్క్ కార్డుకుండే హార్డ్‌వేర్ చిరునామాను) 1982 నాటి ఏఆర్‌పీ పద్ధతిలో అడిగి తెలుసుకొని, ‘పొరుగు పట్టిక’లో దాచుకొనే పనిని లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పొదుపుగా నిర్వహిస్తుంది. ధ్రువపడిన చిరునామాను 15 నుంచి 45 సెకన్ల వరకు నమ్మి, ఆపై ‘స్టేల్’గా (పాతబడినదిగా) గుర్తించినా వెంటనే చెరిపివేయదు, మళ్లీ అవసరమైనప్పుడు దానితోనే ప్యాకెట్లను పంపుతూ, 5 సెకన్లలో ధ్రువీకరణ అందకపోతేనే నేరుగా ఆ యంత్రాన్ని విచారిస్తుంది. నెట్‌వర్క్‌ను అందరినీ అడిగే అనవసరపు కేకలతో నింపని ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. ‘ఐపీ నెయ్’ ఆదేశం ఈ స్థితులన్నిటినీ చూపుతుంది కానీ, ‘స్టేల్’ అన్న మాట చూసి అది లోపమేనని కంగారుపడేవారు తక్కువేమీ కాదు. అసలు ఇబ్బంది వేరే ఉంది: పట్టికకు ముందుగా నిర్ణయించిన గరిష్ఠ పరిమితి 1024 నమోదులు మాత్రమే కనుక, వేల కంటైనర్లున్న (ఒకే యంత్రంలో విడివిడిగా నడిచే అప్లికేషన్ పొట్లాలున్న) విశాలమైన నెట్‌వర్క్‌లో అది నిండిపోయి కొత్త అనుసంధానాలు విఫలమవుతాయి. అటువంటి చోట ఆ పరిమితిని నిర్ణయించే ‘జీసీ థ్రెష్3’ అమరిక విలువను ముందే పెంచుకోవాలి.