వీడియో తడబాటు, తెర వెలుతురు: రెండు వేసవుల తర్వాత నా ఫోను గురించి

ఈ ఫోను కొన్నాక రెండు వేసవులు దాటాయి. మధ్యస్థాయి ధర, 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు మారే) అమోలెడ్ తెర, ఆ తెర కిందే దాగి ఉండి చుట్టూ ఉన్న వెలుతురును కొలిచే లైట్ సెన్సర్. కెమెరా గురించీ బ్యాటరీ గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. నన్ను ఎక్కువగా వేధించినవి రెండే: వీడియో మధ్యలో తడబడటం, చుట్టూ ఉన్న వెలుతురును బట్టి తెరను సరిచేసే ఆటో బ్రైట్‌నెస్ ఉన్నట్టుండి తగ్గిపోవడం. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీకి పరిమితమైన గొడవ కాదు. ఇన్నాళ్ల వాడకంలో నాకు గట్టిగా అర్థమైన విషయం, హైదరాబాద్‌లో ఈ రెండింటికీ మూలం చాలాసార్లు ఒకటే: వేడి.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడాలని ఆపిల్ స్వయంగా చెబుతుంది. అంటే మన వేసవిలో నీడన కూర్చున్నా ఆ హద్దు దాటినట్టే. ఏ కంపెనీ ఫోనయినా లోపల జరిగేది దాదాపు ఇదే: వేడి ఒక స్థాయికి చేరగానే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, తెర తన గరిష్ఠ వెలుతురును వదులుకుంటుంది. మొదటిది మనకు వీడియో తడబాటుగా కనిపిస్తుంది, రెండోది ఆటో బ్రైట్‌నెస్ పాడైనట్టు అనిపిస్తుంది. నా ఫోనులో తేడా ఇలా తెలుస్తుంది. బ్రైట్‌నెస్ పట్టీని చివరిదాకా జరిపినా తెర మసకగానే ఉంటే అది వేడి. పట్టీయే దానంతటది కిందికి జారుతుంటే అది సెన్సర్. ఈ ఒక్కటి గమనిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

మా ఇంట్లో వేడి బాధ ఎండలో కన్నా వంటింట్లో ఎక్కువ. అమ్మ స్టవ్‌కు జానెడు దూరంలో ఫోను నిలబెట్టి, చార్జింగ్ పెట్టి, వంటల వీడియోలు చూస్తుంది. స్టవ్ సెగ, చార్జింగ్ వేడి, వెనక మందపాటి పౌచ్, ఈ మూడూ కలిస్తే పది నిమిషాల్లో బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. పౌచ్ తీసి, చార్జర్ పీకి, ఫ్యాను గాలికి కాసేపు పెట్టి అదే వీడియోను అదే చోటు నుంచి మళ్లీ నడిపిస్తే చాలు. సాఫీగా నడిస్తే ఫోనుకు ఏ రోగమూ లేనట్టే. తొందరగా చల్లబడాలని ఫ్రిజ్‌లో పెట్టమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చేయకండి. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

వేడి లేనప్పుడూ తడబడితే నేను ముందు చెవినే నమ్ముతాను. బొమ్మ, మాట రెండూ ఆగి తెర మధ్యలో చక్రం తిరిగితే అది నెట్ సమస్య. మాట సాఫీగా వినబడుతూ బొమ్మ మాత్రమే ఎగిరెగిరి పడితే నెట్‌ను తప్పుపట్టి లాభం లేదు, కుదించిన వీడియోలోని ఫ్రేములను, అంటే ఒక్కో బొమ్మను, ఫోను సమయానికి విప్పలేకపోతోందన్నమాట. యూట్యూబ్‌లో దీన్ని తేల్చుకోవడానికి మంచి సాధనం ఉంది. యాప్ సెట్టింగ్స్‌లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ ఆన్ చేసుకుంటే, వీడియో నడుస్తుండగా అది ఏ కోడెక్‌లో (వీడియోను కుదించి, విప్పే పద్ధతిలో) ఉందో, ఎన్ని ఫ్రేములు జారిపోయాయో తెర మీదే కనిపిస్తుంది. జారిపోయిన ఫ్రేముల అంకె పెరుగుతూ ఉంటే రూటర్‌ను ఆపి ఆన్ చేయడం వృథా.

కోడెక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2018లో వచ్చిన ఏవీ1 తక్కువ డేటాతో మంచి బొమ్మ ఇస్తుంది, కానీ దాన్ని విప్పే ప్రత్యేక భాగం చిప్‌లో లేని ఫోన్లు ఆ భారమంతా ప్రాసెసర్ మీద వేస్తాయి. బొమ్మ తడబడుతుంది, ఫోను వేడెక్కుతుంది, చివరికి తెర మసకబారుతుంది. నా ఫోనులో ఆ భాగం లేదు. అందుకే ఏవీ1లో వచ్చే వీడియో తడబడితే నాణ్యతను 1080 నుంచి 720కి తగ్గిస్తాను. ఆరంగుళాల తెర మీద తేడా పెద్దగా తెలియదు.

మా మేనకోడలి పెళ్లి వీడియోతో ఇంకో పాఠం దొరికింది. వీడియోగ్రాఫర్ 4కేలో తీసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఓటీజీ (పెన్‌డ్రైవ్‌ను ఫోనుకు కలిపే అడాప్టర్) పెట్టి చూస్తే స్నాతకం, జీలకర్ర బెల్లం బాగానే నడిచాయి, తలంబ్రాల దగ్గరకు వచ్చేసరికి బొమ్మ గడ్డకట్టింది. కారణం ఆ బియ్యమే. గాలిలో ఎటుపడితే అటు ఎగిరే వందల గింజలను కుదించడం కష్టం, అందుకే ఆ కొద్ది నిమిషాల్లో సెకనుకు చదవాల్సిన డేటా ఒక్కసారిగా పెరుగుతుంది. పెన్‌డ్రైవ్ అంత వేగంగా అందించలేకపోయింది. ఫైలును ఫోను మెమరీలోకి కాపీ చేసుకున్నాక చాలావరకు సర్దుకుంది. మిగిలిన కాస్త తడబాటు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను (వీడియో విప్పే పనిని చిప్‌లోని ప్రత్యేక భాగానికి అప్పగించడాన్ని) పూర్తిస్థాయికి మార్చాక పోయింది. ఎంఎక్స్ ప్లేయర్ వాడేవాళ్లు హెచ్‌డబ్ల్యూ, హెచ్‌డబ్ల్యూ ప్లస్ (హార్డ్‌వేర్), ఎస్‌డబ్ల్యూ (సాఫ్ట్‌వేర్) డీకోడర్లను, అంటే వీడియోను విప్పే పద్ధతులను, ఒక్కొక్కటిగా మార్చి చూడవచ్చు.

ఏం చేసినా పోని తడబాటు ఒకటుంది, అది లోపం కాదని తెలుసుకుంటే మనసు కుదుటపడుతుంది. మన న్యూస్ ఛానళ్ల అడుగున పరుగెత్తే స్క్రోలింగ్‌ను ఫోనులో చూడండి, అక్షరాలు సన్నగా వణుకుతాయి. మన దేశంలో టీవీ ప్రసారం సెకనుకు 25 ఫ్రేముల పద్ధతిది. తెర సెకనుకు 60 సార్లు మారుతుంటే ఒక్కో ఫ్రేముకు రెండున్నర సార్లు కూడా రావు. ఒక ఫ్రేము రెండు విడతలు, మరొకటి మూడు విడతలు తెర మీద నిలుస్తుంది. సినిమాలు 24 ఫ్రేములవి కాబట్టి 60 హెర్ట్జ్ మీద వాటికీ ఇదే బాధ. 120 హెర్ట్జ్ మీద మాత్రం ఒక్కో ఫ్రేముకు సరిగ్గా ఐదు విడతలు దక్కుతాయి. ఫోనులో బ్యాటరీ సేవర్ పెడితే తెర 60కి దిగుతుంది, కెమెరా పక్కకు తిరిగే దృశ్యాలన్నీ కుదుపులతో కనిపిస్తాయి. సినిమా చూసేటప్పుడు సేవర్ తీసేయడం నాకు అలవాటైపోయింది.

ఇక సెన్సర్ విషయం. ఫోను నిలువుగా ఉన్నప్పుడు దాని మీదికి ఏదీ రాదు. వీడియో కోసం అడ్డంగా తిప్పగానే ఎడమ బొటనవేలు సరిగ్గా సెన్సర్ మీద కూర్చుంటుంది. చీకటి పడిందని ఫోను అనుకుని వెలుతురు తగ్గిస్తుంది. వీడియో పెట్టినప్పుడే తెర మసకబారుతోందని చెప్పేవాళ్లందరూ ముందు చేయాల్సిన పని, ఫోనును ఇంకో వైపుకు అడ్డంగా తిప్పి చూడటం. టెంపర్డ్ గ్లాస్ కూడా ఇలాగే అడ్డుపడుతుంది, ముఖ్యంగా చుట్టూ నల్ల అంచు ఉన్నది. ఈ మాట మామూలు సర్వీస్ సెంటర్‌లో ఎవరూ చెప్పలేదు. ఫోను పూర్తిగా రీసెట్ చేయాలన్నారు, కుదరకపోతే డిస్‌ప్లే మార్చాలన్నారు. ఫోటోలన్నీ వదులుకుని రీసెట్ చేయడం నాకు ఇష్టం లేకపోయింది. అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఒక రిపేరు కుర్రాడు గ్లాసు తీసి, పాత జిగురు తుడిచి, అంచు లేని గ్లాసు అతికించి, “ఒకసారి బయట ఎండలోకి వెళ్లి చూసి రండి సార్, తర్వాతే డబ్బులివ్వండి” అన్నాడు. నాలుగు అడుగులు వేయగానే తెర వెలిగింది. ఆ కుర్రాడి పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

మెట్రోలో వేరే ఇబ్బంది. మన మెట్రో దారంతా పైనే కాబట్టి స్టేషన్ కప్పు కిందికి రాగానే నీడ, దాటగానే ఎండ. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా తెర వెలుతురు ఊగుతూనే ఉంటుంది. విసుగుతో పట్టీని పదేపదే జరిపేవాళ్లను రోజూ చూస్తుంటాను. 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన అడాప్టివ్ బ్రైట్‌నెస్ ఆ జరపడాన్ని మన ఇష్టంగా భావించి నేర్చుకుంటుంది. నీడలో ఒకటి, ఎండలో ఒకటి, తొందరలో మరొకటి నేర్పితే ఇంటికొచ్చాక కూడా అది తికమక పడుతుంది. కొన్ని ఫోన్లలో డివైస్ హెల్త్ సర్వీసెస్ అనే యాప్ స్టోరేజీలోకి వెళ్తే నేర్చుకున్నదంతా చెరిపేసే మార్గం ఉంది. చెరిపాక ఓ వారం పాటు ఇంట్లో, ఆఫీసులో ఓపికగా సరిచేస్తే మళ్లీ దారికొస్తుంది. ప్రయాణంలో మాత్రం ఆటోను తాత్కాలికంగా ఆపడమే నయం. శాశ్వతంగా ఆపకూడదు: చాలా ఫోన్లు ఎండకు కావలసిన అత్యధిక వెలుతురును ఆటో ఆన్‌లో ఉన్నప్పుడే ఇస్తాయి. ఐఫోన్లో ఆటో మీట డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కనిపించదు. యాక్సెసిబిలిటీలోకి, అక్కడి నుంచి డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్‌లోకి వెళ్లి, కిందిదాకా జరిపితే దొరుకుతుంది.

ఇంత చెప్పాక ఈ ఫోను మంచిదేనా అంటే, మంచిదే. తెర రంగులు ఇప్పటికీ కొత్తదానిలా ఉన్నాయి, పై పద్ధతులు పాటిస్తే వీడియో ఇబ్బంది వేసవి మధ్యాహ్నాలకే పరిమితమైంది. సెన్సర్ విషయంలో మాత్రం మార్కులు తక్కువ వేస్తాను. రాత్రి లైటు ఆర్పాక తెర తన వెలుతురునే చుట్టూ ఉన్న వెలుతురుగా లెక్కేసి ఒక్కోసారి కాస్త పెరుగుతుంది, ఏ అప్‌డేట్ దాన్ని సరిచేయలేదు. తర్వాతి ఫోను కొనేటప్పుడు చిప్‌లో ఏవీ1 డీకోడర్ ఉందో లేదో కాగితం మీద చూస్తాను. సెన్సర్ ఎక్కడ ఉందో షాపులోనే ఫోనును అడ్డంగా పట్టుకుని, బొటనవేలు ఆనించి, తెర మసకబారుతుందేమో చూసుకున్నాకే బిల్లు వేయిస్తాను.