ఎల్డెన్ రింగ్ రివ్యూ: ఆఫీసు అయ్యాక రాత్రి పదకొండుకి ఆడేవాళ్ళ కోసం

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ కూడా దీనికే ఇచ్చారు, కాబట్టి ఆట బాగుందా లేదా అన్నది నేను కొత్తగా తేల్చేదేం లేదు. నేను చెప్పాలనుకున్నది దీంట్లో ఫైట్ల గురించి. ఎందుకంటే బెంగళూరులో మనవాళ్ళు ఎవర్ని కదిపినా ఒకటే మాట, "సూపర్ గేమ్ మామా, కానీ ఆ మొదటి పెద్ద బాస్ దగ్గర వదిలేశా." మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లోనే ఇద్దరు వదిలేశారు, ఇద్దరూ షూటింగ్ ఆటల్లో దుమ్ము లేపేవాళ్ళే.

బాస్ అంటే దారికి అడ్డంపడే పెద్ద శత్రువు, ఈ మొదటివాడి పేరు మార్గిట్. స్టార్మ్‌వీల్ కోటకి పోయే దారికి అడ్డంగా ఉంటాడు. కర్ర పైకెత్తుతాడు, ఇక కొట్టేస్తాడనుకుని మనం రోల్ చేస్తాం, అంటే దొర్లి తప్పించుకోబోతాం, వాడు మాత్రం కర్ర గాల్లోనే పెట్టుకుని ఆగుతాడు, మనం దొర్లి లేచే టైముకి సరిగ్గా నెత్తిన పడుతుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఎడమకి ఇండికేటర్ వేసి కుడికి తిరిగే ఆటోని ఎలా నమ్మమో వీణ్ణీ అలా నమ్మకూడదు. రోల్‌లో మనకి దెబ్బ తగలని సమయం అర సెకను కూడా ఉండదు, అది ముందే ఖర్చయిపోతే అంతే. కాబట్టి కర్ర లేచినప్పుడు ఏమీ చేయొద్దు, కిందికి కదిలినప్పుడు నొక్కాలి. అదీ వెనక్కి కాదు, వాడి వైపుకే, కొంచెం పక్కకి. వెనక్కి పోతే కర్ర పొడవు ఎలాగూ అందుకుంటుంది, పక్కకి దూరితే వీపు దొరుకుతుంది, రెండు దెబ్బలు వేసుకోవచ్చు. మూడోదానికి ఆశపడితే మళ్ళీ మొదటికే.

రెండు సంగతులు ఆటలో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఒకటి, పరుగుకీ రోల్‌కీ ఒకే బటన్, అందుకే బటన్ నొక్కినప్పుడు కాకుండా వదిలినప్పుడు రోల్ మొదలవుతుంది. టెన్షన్‌లో గట్టిగా పట్టుకుని నొక్కేవాళ్ళకి ప్రతి రోల్ లేటే. చిన్నగా తట్టి వదలాలి. రెండోది, మనం నొక్కినవి ఆట కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. కంగారులో మూడుసార్లు నొక్కితే అక్కర్లేని రెండో రోల్ కూడా చేయించి స్టామినా ఖాళీ చేస్తుంది. కంట్రోలర్ పాడైందేమో అనుకుని ఎస్‌పీ రోడ్డుకి పోయి కొత్తది కొనేముందు ఈ రెండూ సరిచూసుకోండి.

షీల్డ్ పట్టుకోవడం చేతకానివాళ్ళ పని అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది, ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు. ఈ ఆటలో గార్డ్ కౌంటర్ అని ఒకటి పెట్టారు, షీల్డ్ మీద దెబ్బ కాచుకున్న వెంటనే హెవీ అటాక్ నొక్కితే మనవాడు ఒక బలమైన దెబ్బ తిప్పికొడతాడు. ఇలాంటివి, పూర్తిగా గుంజి కొట్టే హెవీ దెబ్బలు, ఎగిరి కొట్టే హెవీ దెబ్బలు కొన్ని వరసగా పడితే శత్రువు పట్టు తప్పి మోకాళ్ళ మీద కూలబడతాడు, అప్పుడు దగ్గరికెళ్ళి క్రిటికల్ అనే భారీ దెబ్బ కొట్టొచ్చు. స్క్రీన్ మీద దీనికి మీటర్ ఏమీ ఉండదు, గ్యాప్ ఎక్కువ ఇస్తే మళ్ళీ కోలుకుంటాడు. ఆట మొదట్లో ఎంచుకునే పాత్రల్లో వాగబాండ్ క్లాస్ తీసుకుంటే భౌతిక దెబ్బని పూర్తిగా ఆపే షీల్డ్ మొదట్నుంచే చేతిలో ఉంటుంది. కొత్తవాళ్ళు ఎవరడిగినా నేను అదే తీసుకోమంటా. సమురాయ్ చూడ్డానికి బాగుంటుంది నిజమే.

బరువు కూడా చూసుకోండి. మోయగలిగిన దానిలో 70 శాతం దాటితే రోల్ నీరసంగా, బస్తా దొర్లినట్టు అవుతుంది. అందమైన కవచం దొరికింది కదా అని మొత్తం తొడిగేసి "రోల్ పనిచేయట్లేదు బ్రో" అనేవాళ్ళని చాలామందిని చూశా.

ఇక అసలు విషయం. ఈ ఆటలో ఈజీ, హార్డ్ అని మెనూ లేదు. ఆ మీట మ్యాప్‌లో ఉంది. మార్గిట్ కొడుతున్నాడా, వదిలేసి దక్షిణానికి వీపింగ్ పెనిన్సులాకి పో. అక్కడి చర్చిల్లో, ప్రాణం నింపుకోవడానికి తాగే ఫ్లాస్క్ బలం పెంచే సేక్రెడ్ టియర్స్ మూడు దొరుకుతాయి. మొదటి ప్రాంతం లిమ్‌గ్రేవ్‌లోని గనిలో ఆయుధం బలం పెంచే స్మితింగ్ స్టోన్లు ఉంటాయి, చర్చ్ ఆఫ్ ఎల్లేలోని దాగలి మీద ఆయుధాన్ని ప్లస్ 3 దాకా చేసుకోవచ్చు. లెవెల్ పెరిగినప్పుడు ప్రాణం పెంచే విగర్‌లో పెట్టు, 40 దాకా కళ్ళు మూసుకుని పెట్టు, ఎందుకంటే రెండు దెబ్బలకి చచ్చేవాడికి బాస్ కదలికలు నేర్చుకునే టైమే దొరకదు. గుర్రం దొరికాక చర్చ్ ఆఫ్ ఎల్లేకి మళ్ళీ వెళ్తే రెన్నా అనే మంత్రగత్తె ఒక గంట ఇస్తుంది, దాంతో మూడు తోడేళ్ళ ఆత్మల్ని పిలవొచ్చు. బాస్ వాటి వెనక పడితే మనం ప్రశాంతంగా ఫ్లాస్క్ తాగొచ్చు. లేకపోతే మార్గిట్ మనం తాగడం చూసి దూరం నుంచే బంగారు కత్తి విసురుతాడు. గంట వాడటం చీటింగ్ అనేవాళ్ళు ఉంటారు, పట్టించుకోకండి, ఆట తయారు చేసినవాళ్ళే ఇచ్చిన గంట అది.

అన్నీ పొగడ్తలే కాదు. కెమెరా దరిద్రం. డ్రాగన్ లాంటి పెద్ద ఆకారాల మీద లాక్ వేస్తే, అంటే కెమెరాని వాటి మీదే నిలిపితే, వాటి కాళ్ళు తప్ప ఏమీ కనబడవు, అక్కడ లాక్ తీసేసి ఆడటమే మేలు. చివరి బాస్ మనకి అందకుండా దూరంగా పోతూ విసిగించేవాడు, ఆ ఫైట్‌లో గుర్రం పిలుచుకునే వీలు 2024 అప్‌డేట్‌లో గానీ రాలేదు. ఇక మలేనియా అనే బాస్. మనల్ని కొట్టిన ప్రతిసారీ ఆమెకి ప్రాణం పెరుగుతుంది, షీల్డ్ మీద తగిలినా పెరుగుతుంది. అంటే ఆట మొత్తం మీద నేర్చుకున్న షీల్డ్ ఇక్కడ మన మీదే తిరగబడుతుంది. వాటర్‌ఫౌల్ డాన్స్ అనే దాడి దగ్గర్నుంచి మొదలైతే చూసి తప్పించుకోవడం మామూలు మనుషుల వల్ల కాదు. కథ పూర్తి చేయడానికి ఆమెని ఓడించాల్సిన అవసరం లేదు కాబట్టి సరిపోయింది గానీ, నా దృష్టిలో ఆ ఒక్క ఫైట్ న్యాయంగా లేదు.

ఫైట్ మధ్యలో మామూలు పాజ్ కూడా లేదు. డెలివరీ అబ్బాయి గేటు దగ్గర్నుంచి ఫోన్ చేసినా, ఇంటి నుంచి అమ్మ చేసినా బాస్ ఆగడు. తిండి ముందే తెప్పించుకోండి.

పీసీ మీద ఆడేవాళ్ళకి కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి కార్డు, 60 జీబీ ఖాళీ కావాలి. ఎంత మంచి కార్డున్నా 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) దాటనివ్వదు. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆశలు పెట్టుకోవద్దు. కీబోర్డు మీద కూడా ఆడేవాళ్ళున్నారు, వాళ్ళకో దండం.

షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీ అనే డీఎల్‌సీ, అంటే ఆటకి అదనపు భాగం, విడిగా కొనాలి, 2024 జూన్‌లో వచ్చింది, ఫైట్లు ఇంకా ముదురు. రాడాన్, మోగ్ అనే ఇద్దరు బాస్‌ల్ని ఓడించేదాకా దాని లోపలికి అడుగు పెట్టనివ్వరు, కాబట్టి సేల్‌లో రెండూ కలిపి కనబడ్డాయని తొందరపడి కొనక్కర్లేదు. ముందు మార్గిట్ సంగతి చూడండి.