అలబామా యూనివర్సిటీ మెరిట్ స్కాలర్‌షిప్: న్యూజెర్సీ నుంచి పంపిన తల్లిగా నా రివ్యూ

మా అబ్బాయి టస్కలూసాలో యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మేముండేది న్యూజెర్సీలో. మా స్టేట్ యూనివర్సిటీ రట్గర్స్ ఇంటి పక్కనే ఉండగా అంత దూరం ఎందుకు పంపారని గుళ్లో కనిపించినవాళ్లంతా అడుగుతున్నారు, ఈ ఏడాది పన్నెండో క్లాసు పిల్లలున్న వాళ్లైతే "అసలు ఎంత కడుతున్నారు, ఎంత మిగిలింది, దాచకుండా చెప్పండి" అంటున్నారు, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. నేను రాసేది వాళ్లిచ్చిన ఆఫర్ గురించి, కాలేజీలో చదువు ఎలా ఉందో వాడు డిగ్రీ పూర్తి చేశాక వాడే చెప్పాలి.

మాకు వచ్చిన వాటన్నిట్లో ఇదే మంచి ఆఫర్ అని ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే దీంట్లో దాపరికం లేదు. అడ్మిషన్ పరీక్షలైన శాట్ లేదా ఏసీటీలో స్కోరు ఇంత, జీపీఏ (గ్రేడ్ల సగటు) ఇంత ఉంటే ఔట్ ఆఫ్ స్టేట్ (వేరే రాష్ట్రాల) పిల్లలకి ఇంత ఇస్తాం అని వాళ్ల వెబ్‌సైట్‌లో టేబుల్ పెట్టేస్తారు, అప్లై చెయ్యకముందే మనకి ఎంతొస్తుందో తెలిసిపోతుంది. మావాడికి ప్రెసిడెన్షియల్ అనే లెవెల్ వచ్చింది, ఏడాదికి 28,000 డాలర్లు, నాలుగేళ్లకి 1,12,000. దానికోసం విడిగా ఎస్సేలు రాయక్కర్లేదు, ఇంటర్వ్యూలు లేవు, "మిమ్మల్ని పరిశీలిస్తున్నాం" అని మార్చి దాకా ఊరించడం లేదు. మిగతా కాలేజీల కబురు వచ్చేలోపే ఇది చేతిలో ఉండేసరికి వాడికీ మాకూ ఆ సీజనంతా గుండె మీద బరువు లేకుండా గడిచింది, ఆ నెలల్లో పిల్లలు పడే టెన్షన్ చూసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

ఇక లెక్క. అక్కడ ఔట్ ఆఫ్ స్టేట్ ట్యూషన్ ముప్పై వేల పైచిలుకు. సెమిస్టర్ బిల్లు తెరిస్తే పైన ట్యూషన్, కింద ఇంజినీరింగ్ కాలేజ్ ఫీజు, డార్మ్, మీల్ ప్లాన్, డైనింగ్ డాలర్స్ అని ఇంకో లైను, ఆ తర్వాత స్కాలర్‌షిప్ 14,000 మైనస్‌లో కనపడుతుంది. అన్నీ కలిపి, పుస్తకాలు, ఫ్లైట్ టికెట్లు కూడా వేసుకుంటే మాకు ఏడాదికి పాతిక వేల చుట్టుపక్కల పడుతోంది. అదే రట్గర్స్‌లో ఇన్‌స్టేట్ (సొంత రాష్ట్రం వాళ్ల) రేటుకే, ఇంజినీరింగ్‌లో చేరి హాస్టల్లో ఉంటే ముప్పై అయిదు వేలు దాటుతోంది. ఇంట్లోంచి వెళ్లొస్తే రట్గర్సే చవక, అది నిజమే, కానీ మావాడు డార్మ్‌లో ఉండాలన్నాడు, మేమూ సరే అన్నాం, కాబట్టి మా లెక్క ఇది.

ఇప్పుడు మిగతా ఆఫర్ల సంగతి, అసలు నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ, పేరు చెప్పను, ఏడాదికి 25,000 ఇస్తూ బంగారు అక్షరాలతో సర్టిఫికెట్ లాంటి లెటర్ పంపింది, స్కాలర్‌షిప్‌కి ఎవరో మహానుభావుడి పేరు కూడా ఉంది. నాలుగేళ్లకి లక్ష డాలర్లు అని చుట్టాలందరూ ఫోన్ చేసి మెచ్చుకున్నారు. తీరా చూస్తే అక్కడ ఏడాది ఖర్చు ఎనభై అయిదు వేలు, స్కాలర్‌షిప్ పోను అరవై వేలు మనం కట్టాలి! ఆషాఢం సేల్‌లో చీర రేటు ముందు పెంచేసి తర్వాత సగం ధర అని బోర్డు పెట్టినట్టే ఉంది. పైగా జీపీఏ 3.5 కింద పడితే డబ్బు ఆగిపోతుందనే మాట ఆ బంగారు లెటర్లో ఎక్కడా లేదు, మేం అడిగితే పంపిన పీడీఎఫ్‌లో మూడో పేజీలో ఉంది. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో కాల్‌క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒకేసారి పడినప్పుడు 3.5 నిలబెట్టుకోవడం అంటే మాటలా?

ఇండియానాలో ఉన్న పర్డ్యూ యూనివర్సిటీ అయితే మావాడికి ఒక్క డాలర్ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. కానీ వాళ్లు 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు, ఔట్ ఆఫ్ స్టేట్‌కి 28,794 అని ఏళ్ల తరబడి అదే అంకె. అంటే స్కాలర్‌షిప్పే లేని పర్డ్యూ, లక్ష డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చిన ఆ ప్రైవేట్ కంటే ఏడాదికి దాదాపు ఇరవై వేలు తక్కువ పడుతోంది! మా ఆయన ఎక్సెల్ షీట్‌లో ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూపించాక మా మరిది నోట మాట రాలేదు, వాళ్ల పాప వచ్చే ఏడాది అప్లై చేస్తోంది.

ఇంకో వింత చెప్తా. టెక్సాస్‌లో ఒక చట్టం ఉంది, అక్కడి పబ్లిక్ యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు వస్తే బయటి స్టేట్ పిల్లలకి ఇన్‌స్టేట్ ట్యూషన్ ఇవ్వొచ్చు. యూటీ డాలస్ ఈ దారిలో చాలామందిని తీసుకుంటుంది, పైగా చేరినప్పటి ట్యూషన్ రేటునే నాలుగేళ్లూ ఉంచే గ్యారంటీ ప్లాన్ కూడా వాళ్లకుంది. పైకి చూస్తే మూడు వేలు, అయిదు వేలు అని చిన్న స్కాలర్‌షిప్, వెనకాల మాత్రం ట్యూషన్‌లో ఏడాదికి ఇరవై వేల పైన తగ్గుతుంది. లెటర్ మీద అంకె చూసి "ఇంతేనా" అని పక్కన పడేసేవాళ్లు ఎంతమందో. మావాడికి డాలస్ కూడా నచ్చింది, ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ నిండా మనవాళ్లే, మా అక్కావాళ్లు కూడా అక్కడే, కాకపోతే వాడి మనసు అలబామా మీద పడింది.

అలబామా వాళ్లు ఇంత ఎందుకిస్తున్నారు, చదువు బాగోదా అని మా ఆయన మొదట అనుమానపడ్డారు. దాని వెనక కథ ఇది. 2003లో రాబర్ట్ విట్ ప్రెసిడెంట్‌గా వచ్చాక యూనివర్సిటీని పెద్దది చెయ్యాలని బయటి స్టేట్ల పిల్లల కోసం గట్టిగా ప్రయత్నించారు, మంచి స్కోర్లున్న వాళ్లకి స్కాలర్‌షిప్‌లు గుప్పించారు, ఇప్పుడు అక్కడ సగానికి పైగా పిల్లలు బయటి స్టేట్ల వాళ్లే. మంచి స్కోర్ల పిల్లలు వస్తే యూనివర్సిటీకి పేరు, మిగతావాళ్లు కట్టే పూర్తి ఫీజుతో ఆదాయం. అందులో తప్పేం లేదు, వాళ్ల అవసరం, మన అవసరం రెండూ కలిశాయి అంతే.

కండిషన్లు కూడా చూడాలి. జీపీఏ 3.0 ఉంచుకోవాలి, ఎనిమిది సెమిస్టర్లు ఇస్తారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే ఏపీ (హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్షలు) క్రెడిట్లతో ముందే డిగ్రీ పూర్తయిపోతే మిగిలిన సెమిస్టర్ల డబ్బు అక్కడే మాస్టర్స్‌కి వాడుకోవచ్చు. మన పిల్లలు ఏపీలు ఎడాపెడా రాస్తారు కదా, మావాడి ప్లాన్ కూడా అదే, నాలుగేళ్లలో రెండు డిగ్రీలూ లాగేద్దామని. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి, 28,000 అనేది ఫిక్స్‌డ్, ట్యూషన్ పెరిగితే ఆ పెరిగింది మనమే కట్టాలి. అందుకే మొదటి ఏడాది లెక్కతో సరిపెట్టుకోకుండా ఏటా నాలుగు శాతం పెరుగుతుందని వేసుకుని నాలుగేళ్లకి లెక్క కట్టాం. లేకపోతే మూడో ఏడాదికి తడిసి మోపెడవుతుంది.

"ఏడాది అక్కడ ఉంటే ఇన్‌స్టేట్ అయిపోతాడులే వదినా" అని చాలామంది ధైర్యం చెప్తారు. నమ్మకండి. తల్లిదండ్రులు వేరే స్టేట్‌లో ఉండి ట్యాక్స్‌లో పిల్లాణ్ణి డిపెండెంట్‌గా చూపిస్తుంటే, చదువు కోసం వచ్చినవాడికి సాధారణంగా రెసిడెన్సీ ఇవ్వరు.

అట్లాంటా వైపు ఉన్నవాళ్ల లెక్క వేరు. జార్జియాలో లాటరీ డబ్బుతో నడిచే హోప్ స్కాలర్‌షిప్ 1993 నుంచి ఉంది, దాని పై మెట్టు జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ వస్తే అక్కడి పబ్లిక్ యూనివర్సిటీలో ట్యూషన్ మొత్తం అదే కడుతుంది, కాబట్టి బయటి ఆఫర్ ఎంత పెద్దదైనా వదులుకునేది కూడా లెక్కలో వెయ్యాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వాళ్లకైతే డబ్ల్యూయూఈ (వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్) అని ఉంది, పశ్చిమ రాష్ట్రాల్లో అందులో చేరిన కాలేజీల్లో ఇన్‌స్టేట్ ట్యూషన్‌కి ఒకటిన్నర రెట్లు మించి కట్టక్కర్లేదు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీల్లో మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు, ఇంటి ఆదాయం బట్టే సాయం, ఇద్దరం ఐటీలో ఉన్న మాలాంటి ఇళ్లకి అక్కడ పెద్దగా ఏమీ రాదు.

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ప్రత్యేకంగా చెప్తున్నా, మనవాళ్లలో గ్రీన్ కార్డ్ క్యూలో చిక్కుకున్నవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. ఫెడరల్ ఎయిడ్ రాదు, కాబట్టి మెరిట్ డబ్బే ఆధారం. ఇరవై ఒకటి నిండితే ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి, అప్పుడు స్కాలర్‌షిప్ అలాగే ఉంటుందా, ఫీజు స్టేటస్ మారుతుందా అని చేరకముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్లో ఎవరో సరే అన్నారని వదిలెయ్యొద్దు, ఇది పిల్లల భవిష్యత్తు.

ట్యాక్స్ గురించి కూడా రెండు ముక్కలు. ట్యూషన్, ఫీజులు, పుస్తకాలకి వాడిన స్కాలర్‌షిప్‌కి ట్యాక్స్ లేదు, డార్మ్‌కీ తిండికీ వాడిన భాగానికి ఉంటుంది, ఫుల్ రైడ్ (డార్మ్, తిండితో సహా ఖర్చంతా) వచ్చినవాళ్లు ఇది చూసుకోవాలి. 529 (పిల్లల చదువు కోసం పొదుపు ఖాతా)లో డబ్బు దాచుకున్నవాళ్లు స్కాలర్‌షిప్ ఎంత వచ్చిందో అంత వరకు పది శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, లాభం మీద ట్యాక్స్ మాత్రం కట్టాలి.

ఊరి సంగతి క్లుప్తంగా. బర్మింగ్‌హామ్‌లో దిగి గంట డ్రైవ్, దేవుడి దర్శనానికి పెల్హమ్‌లో గుడి ఉంది, ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు లక్ష మంది పట్టే స్టేడియం నిండిపోతుంది కాబట్టి ఆ వారాంతాల్లో హోటల్ దొరకదు, మనం వెళ్లాలంటే షెడ్యూల్ చూసి వెళ్లాలి. ఇంజినీరింగ్ పిల్లలకి దగ్గర్లోనే వాన్స్‌లో మెర్సిడెస్ ఫ్యాక్టరీ, కాస్త దూరమైనా అదే స్టేట్‌లో హంట్స్‌విల్‌లో నాసా మార్షల్ సెంటర్ ఉన్నాయి, మావాడు వాటి మీదే కన్నేశాడు.

అయిదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర తగ్గించింది స్కాలర్‌షిప్ ట్యూషన్‌తో పాటు పెరగదు కాబట్టి. స్కోరు బాగుండి, అప్పు లేకుండా డిగ్రీ కావాలనుకునే ఇంటికి ఇది చాలా మంచి దారి. వాల్ స్ట్రీట్ ఉద్యోగమే లక్ష్యం, దానికి కాలేజీ పేరే కావాలి అనుకునే పిల్లలకి మాత్రం నేను సిఫార్సు చెయ్యను. అప్లై చేసే ముందు ఆ ఏడాది టేబుల్ తెరిచి చూసుకోండి, అంకెలు మారుస్తుంటారు, సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టడానికి చాలా కాలేజీలకి మే 1 గడువు.