టాప్ కిట్ 'ఫిట్ చేసి ఇస్తాం' అంటే నమ్మకండి, ముడి విప్పి చూసుకోండి

ఎవరి దగ్గర కొన్నానో చెప్పక్కర్లేదు. రోజూ పెద్ద పెద్ద బొచ్చెలు ఎత్తి పట్టుకుని ఫొటోలు పెట్టే ఆ అన్నే. పోల్ (ముక్కలు జోడించి వాడే పొడుగు గాలం కర్ర) సామాన్లంటే మన నల్లగొండ, పాలమూరు వైపు వాళ్ళం ఆయన దగ్గరికే పోతాం కదా, నేనూ పోయాను. పోల్ ముందే ఉంది. తీసుకున్నది రెండు టాప్ కిట్లు, అంటే పోల్ కొసన తగిలించే పై ముక్కలు. లోపల 12 నంబరు హాలో ఎలాస్టిక్ (మధ్యలో బోలుగా ఉండే సాగే రబ్బరు), చివర దానికి దారం తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్. సామాన్ల ధర కాక ఫిట్టింగ్ కింద విడిగా 600 గుంజాడు. "చెరువు కాడికి పోయి దారం తగిలించుడే తమ్మీ, ఇంకేం చూసుకునే పనిలేదు" అన్నాడు. ఆ మాటకు నేను మురిసిపోయాను కూడా.

నిన్న పొద్దున మత్స్యకారుల సంఘం వాళ్ళను అడిగి మా ఊరి చెరువు మీద కూర్చున్నా. బెండు మునిగింది, ఎత్తాను, కర్ర కొస నుంచి ఎలాస్టిక్ సర్రున సాగింది. రవ్వ అనుకుంటా, మంచి బరువుంది. పోల్‌కు రీల్ ఉండదు, చేప లాగే లాగుడంతా ఆ రబ్బరే ఓర్చుకోవాలి. ఓర్చుకుంటూనే ఉంది. చేప మెత్తబడింది, ఇక కర్ర వెనక్కి జరిపి టాప్ కిట్ విడదీద్దాం అనుకునేసరికి టప్పున శబ్దం. రబ్బరు కర్రలోకి దూరిపోయింది. బెండు, దారం, కనెక్టర్ అన్నీ చేప వెంట పోయాయి. ఎర్ర బెండు నీళ్ళ మీద మునుగుతూ తేలుతూ అవతలి గట్టు దాకా పోతుంటే చూస్తూ కూర్చున్నా. ఆ దారం ఈడ్చుకుంటూ ఆ చేప ఏ తూటికాడల్లో చిక్కుకుని చస్తుందో, అదొక బాధ.

రబ్బరు తెగిందేమో అని కర్ర విప్పి బయటికి లాగా. తెగలేదు! తెగితే కొస చీలికలుగా ఉండాలి. ఇది కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది, దాని పక్కనే ముడి పడిన నొక్కు. అంటే ముడి జారింది. ఇంటికొచ్చి రెండో కిట్టు కనెక్టర్ తొడుగు వెనక్కి జరిపి చూశా. ఒకే ఒక్క మామూలు ముడి. తోక కూడా లేకుండా ముడి అంచుకు కోసేశాడు. పైగా ఆ కనెక్టర్ ఇంకా లావు రబ్బరుకు పనికొచ్చేది, రంధ్రం పెద్దది. చేత్తో పట్టి గుంజితే ఊడి వచ్చేసింది. దీనికి 600!

ఫోన్ చేశా. ముందు "పెద్ద చేపకు తెగుతది తమ్మీ" అన్నాడు. అన్నా, ముందు తెగాల్సింది గాలం దగ్గరి సన్న దారం కదా, ఎలాస్టిక్ కంటే అదే బలహీనంగా పెట్టుకుంటాం, అది తెగితే బెండు నాకు మిగిలేది, చేప మీద ఇంత బరువూ ఉండేది కాదు అన్నా. అప్పుడు మాట మార్చాడు. నువ్వే విప్పి మళ్ళీ కట్టి ఉంటావు అన్నాడు. రెండో కిట్టు నేను ముట్టుకోలేదు, వీడియో కాల్‌లో చూపిస్తా అన్నా. దానికి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, షాపులో ఉన్నవాళ్ళకు వినిపించేటట్టు, "వెదురు కట్టెతో పట్టుకునేటోళ్ళకు ఇంగ్లండోళ్ళ పోల్ ఎందుకురా బై" అని నవ్వాడు. పక్కనుంచి ఇంకో ఇద్దరి నవ్వు. ఫోన్ పెట్టేశాడు.

పైసలు పోతే పోయాయి. రెండేళ్ళుగా 'అన్నా అన్నా' అని తిరిగి, మా దోస్తులందరినీ ఆయన దగ్గరికే పంపినందుకు ఆ నవ్వు! మధ్యాహ్నం చూస్తే ఆయన పెట్టిన 'ఫిట్ చేసి ఇస్తాం' అన్న పోస్టులో ఆ మాట మాయం. దాని బదులు 'ఫిట్టింగ్ కస్టమర్ బాధ్యత' అని ఉంది. పాపం, నా కోసమే రాసినట్టున్నాడు. పాత పోస్టు స్క్రీన్‌షాట్ నా దగ్గర భద్రంగా ఉంది.

కొన్నవాళ్ళు ఇప్పుడే తొడుగు జరిపి చూసుకోండి. మళ్ళీ కట్టుకోవడం పెద్ద పనేం కాదు. ముందు తొడుగు ఎక్కించి, తర్వాత కనెక్టర్ లోంచి రబ్బరు కొస తీసి, రెండు చుట్ల ముడి వేసి, తడిపి బిగించాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తోక వదిలి కోయాలి. ముడి రంధ్రంలోకి జారకుండా ఆనుకోవాలి. కనెక్టర్ మీ రబ్బరు నంబరుకు తగినదే అడగండి. మరీ చిన్నది కొనకండి, రబ్బరు వెనక్కి పోయినప్పుడు కర్ర కొసనున్న టెఫ్లాన్ బుష్‌లో (రబ్బరు బయటికొచ్చే నున్నటి చిన్న గొట్టం) ఇరుక్కుంటుంది. నీళ్ళలో వేసే ముందు గట్టిగా నాలుగు సార్లు గుంజి చూడండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఆయన చేతిలో ఇట్లాగే నష్టపోయినవాళ్ళు ఉంటే బిల్లు, ఫొటో నాకు పంపండి, అన్నీ ఒకేసారి వాళ్ళ ముందు పెడదాం.