బెలూం రాళ్లలో హాల్డేన్ కుందేలు

"జీవపరిణామం తప్పని ఎప్పుడు తేలుతుంది నాన్నా?" అని అడిగింది తొమ్మిది చదివే మా అమ్మాయి. శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ని ఇదే అడిగితే, కేంబ్రియన్‌కు ముందటి రాళ్లలో కుందేలు శిలాజం దొరికితే అన్నారట. అంటే 54 కోట్ల ఏళ్ల కంటే పాత రాళ్లు, కుందేళ్లు పుట్టడానికి ఎంతో ముందటివి. అలాంటి రాళ్లు మన సీమ నిండా ఉన్నాయి, పద చూపిస్తానని అనంతపురంలో బస్సెక్కాం.

రాత్రి తాడిపత్రిలో ఒక లాడ్జిలో దిగాం. అద్దె తక్కువే గానీ వేడినీళ్లు లేవు, దుప్పట్లు ఒకటే కంపు. గది చూశాకే డబ్బు కట్టండి. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిన్నాక గానీ చిరాకు పోలేదు.

ఆటో మాట్లాడుకుని బెలూం వెళ్లాం. గుహ పొడవు 3,229 మీటర్లు, మనం తిరిగేది అందులో సగం లోపే. గుహలో అన్నిటికంటే లోతైన పాతాళగంగ వైపు దిగుతుంటే చెమటకు చొక్కా తడిసి ముద్దయింది. నూలు బట్టలే వేసుకోండి. గైడు ఓపిగ్గా తిప్పాడు.

అమ్మాయి గోడ తడిమి "మన వంటగట్టు బండ లాగే ఉందే!" అంది. కేంబ్రియన్‌కు ముందటి ఆ నల్ల సున్నపురాయిలో ఎముక లేదు, గవ్వ లేదు. బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫూట్ తవ్విస్తే జంతువుల ఎముకలు దొరికాయి కదా అనొచ్చు. అవి చాలా కాలం తర్వాత గుహలో పేరుకున్న మట్టిలోవి, రాతిలోవి కావు. ఈ తేడా తెలియకపోతే బెలూం చూసీ చూడనట్టే.

బయట చెట్టు కింద కూర్చుని హాల్డేన్ కథ చెప్పాను. ప్రకృతివరణానికి, అంటే పరిస్థితులకు తగిన జీవులే ఎక్కువగా మిగిలి సంతతిని పెంచుకుంటాయనే సూత్రానికి, లెక్కల పునాది వేసినవాళ్లలో ఆయనొకరు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చారు, 1961లో మన పౌరుడయ్యారు. 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో పోయారు. దేహాన్ని ఆయన కోరినట్టే కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చేశారు. పోయాక కూడా మన పిల్లలకు పాఠంగా ఉండాలనుకున్న మనిషి! అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

గండికోట లోయ గురించి అందరూ రాసిందే. నాకు అంతకంటే వేంపల్లె దగ్గరి రాళ్లే నచ్చాయి. ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు పొర మీద పొర. కంటికి కనపడని జీవులు 150 కోట్ల ఏళ్లకు ముందే కట్టుకున్న పొరలవి. అమ్మాయి వేలితో ఒక్కో పొర లెక్కపెడుతూ ఇరవై దాటాక తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టింది. అక్కడ బోర్డు లేదు, నీడ లేదు, హోటలూ లేదు. సొంత బండి ఉంటేనే వెళ్లండి, అన్నం కట్టుకుని వెళ్లండి.