తోట ఇంట్లో .32 రివాల్వర్: పదేళ్లు దాటిన వాడకం తర్వాత

మొదటిసారి లైసెన్సు చేతికి వచ్చినవారు రివాల్వర్ కొనాలా, పిస్తోలు కొనాలా అని అడిగితే తడుముకోకుండా రివాల్వరే అంటాను. అందులోనూ కాస్త బరువున్నదే. నల్గొండ జిల్లా గుర్రంపోడు వైపు ఊరికి ఎడంగా ఉన్న మా బత్తాయి తోట ఇంట్లో కాన్పూర్‌లో తయారైన .32 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) రివాల్వర్‌ను పదేళ్లకు పైగా ఉంచుకున్నాను. బత్తాయి కోత రోజుల్లో కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు ఇంట్లోనే ఉంటుంది. కేకేస్తే పలికే ఇల్లు దగ్గరలో లేదు. లైసెన్సు అడగడానికి కారణం అదే. ఇన్నేళ్లలో ఒక్క మనిషి మీదికి కూడా దాన్ని ఎత్తాల్సిన అవసరం రాలేదు. పిల్లలు, చుట్టాలు, పనివారు మసిలే ఇంట్లో తుపాకీని ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా ఉంచడానికి ఏది అనువైనదో మాత్రం అనుభవం మీద చెప్పగలను.

ఎంచుకునే ముందు చట్టం మనకు ఏం ఇస్తుందో చూసుకోవాలి. విదేశీ వీడియోలు చూసి 9 ఎంఎం పిస్తోలు కావాలని అడిగే కుర్రవాళ్లు ఉన్నారు. అది నిషిద్ధ బోరు, సాధారణ పౌరుడి లైసెన్సుకు రాదు. ఇంటి రక్షణకు చేతి తుపాకీ అంటే మన దగ్గర దాదాపుగా .32 అనే అర్థం. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి, ప్రాణభయం ఉన్నట్టు చూపించాలి, పోలీసు విచారణ ముగియాలి. 2016 ఆయుధ నిబంధనల నుంచి భద్రతా శిక్షణ ధ్రువపత్రం కూడా కావాలి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒకరి పేరున ఉండగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

నేను కొన్న రోజుల్లోనే, 2014లో, ‘నిర్భీక్’ మార్కెట్లోకి వచ్చింది. టైటానియం మిశ్రమలోహంతో చేసిన రివాల్వర్, బరువు అర కిలో, ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. మహిళల కోసం చేసిందని పత్రికలన్నీ రాశాయి. చేతిలోకి తీసుకుంటే ముచ్చటగానే ఉంటుంది. నేను మాత్రం ఏడు వందల గ్రాముల మామూలు ఉక్కు రివాల్వర్ వైపే మొగ్గాను. తూటా అదే అయినప్పుడు తుపాకీ తేలికైన కొద్దీ చేతిని ఎక్కువగా తంతుంది. జేబులో వేసుకుని తిరిగేవారికి బరువు భారమే. ఇంటి లాకరులో ఉండే ఆయుధానికి ఆ బాధ లేదు. కొత్తగా నేర్చుకునేవారికి బరువే మేలు, రెండో గుండు కూడా అదిరిపోకుండా గురి దగ్గరే పడుతుంది. 2023లో కాన్పూర్ నుంచే ‘ప్రబల్’ వచ్చింది. దాని సిలిండర్ (తూటాలు ఉండే గుండ్రటి భాగం) పక్కకు తెరుచుకుంటుంది, యాభై మీటర్ల దాకా కొడుతుందని తయారీదారు చెబుతున్నారు. నేను దాన్ని వాడలేదు. ఇంట్లో మంచం నుంచి తలుపుకు నాలుగైదు మీటర్లు ఉంటే ఎక్కువ. ఆ యాభై మీటర్ల కోసం అదనంగా ఖర్చు పెట్టాల్సిన పని లేదని మాత్రం అంటాను.

రివాల్వరే ఎందుకంటే, అది ఏ స్థితిలో ఉందో కంటికి కనిపిస్తుంది. నా రివాల్వర్ పైన వెనుకవైపు ఉన్న మీటను బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే నడుముకాడికి విరిగినట్టు తెరుచుకుంటుంది. అదే కదలికలో వెనుకనున్న చక్రం లాంటి భాగం ఆరు తూటాలనూ పైకి నెడుతుంది. అరచేతిలోకి ఒంపుకుని ఆరు లెక్కపెట్టి, సిలిండర్‌లోని ఆరు గదులనూ వెలుతురుకు ఎత్తి చూస్తే ఆవలి వెలుగు కనిపిస్తుంది. ఇక అనుమానానికి తావు లేదు. పిస్తోలు అలా కాదు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఊడదీసి బల్ల మీద పెట్టినా గొట్టంలో ఒక తూటా మిగిలిపోయి ఉండవచ్చు. పైభాగాన్ని వెనక్కి లాగి లోపలికి చూస్తే తప్ప తెలియదు. ఖాళీదే కదా అనుకుని పేల్చిన ప్రమాదాల్లో చాలావాటికి ఆ ఒక్క తూటాయే కారణం. పిస్తోలులో తూటా ఇరుక్కుంటే సరిచేయడానికి సాధన కావాలి. రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగడమే, తర్వాతి గది వస్తుంది. రోజూ సాధన చేసేవారికి పిస్తోలు మంచి ఆయుధమే, కాదనను. తోట పనుల మధ్య ఎప్పుడో ఒకసారి హైదరాబాద్ వెళ్లి రేంజిలో కాల్చి వచ్చే నాలాంటివారికి అది తగదు.

దీని ట్రిగ్గర్ గట్టిగా ఉంటుందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. నిజమే. వెనుకనున్న హ్యామర్‌ను (తూటాను కొట్టే సుత్తి లాంటి భాగం) ముందుగా ఎక్కించకుండా నేరుగా లాగితే వేలు మొత్తం బలం పెట్టాలి, ఆ లాగుడులో గురి పక్కకు జారుతుంది. మొదట్లో నాకూ విసుగొచ్చింది. ఖాళీ సిలిండర్‌లో ఉత్తుత్తి తూటాలు వేసి గోడ మీది చుక్కను చూస్తూ నెమ్మదిగా లాగడం అలవాటు చేసుకున్నాక చేయి కుదురుకుంది. ఇప్పుడైతే ఆ గట్టిదనాన్ని లోపంగా చూడను. అర్ధరాత్రి వణికే చేతికి తేలిక ట్రిగ్గర్ ఇవ్వడం మంచిది కాదు.

ఒక రాత్రి కరెంటు లేదు, వాన పడుతోంది, వెనుక తలుపు ఎవరో నెడుతున్నారు. లాకరు తీసి రివాల్వర్ పట్టుకున్నాను. గొట్టం నేలవైపే ఉంది, వేలు ట్రిగ్గర్‌కు బయటే ఉంది. ఎడమ చేత్తో టార్చి వెలిగించి ఎవరని గట్టిగా అడిగాను. రెండోసారి అడిగితే “చిన్నాయనా, నేనే” అని జవాబు వచ్చింది. మా అన్న కొడుకు. బండి ఆగిపోతే నడిచి వచ్చాడు, ఫోను తడిసిపోయింది. అందుకే తుపాకీతోపాటు మంచి టార్చి కూడా కొనమని అందరికీ చెబుతాను. ముఖం కనిపించనంత వరకు వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. తలుపు వెనుక ఏముందో కూడా గుర్తుండాలి. .32 తూటా చిన్నదే అయినా పలచని ప్లైవుడ్ తలుపును, రేకును దూసుకుపోతుంది. మా వెనుక తలుపుకు ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో పాలమూరు నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు పడుకుంటాయి. అది తలచుకునే ఇంట్లో ఎటు కాల్చవచ్చో, ఎటు ససేమిరా కాల్చకూడదో ముందే నిర్ణయించుకున్నాను.

చట్టం కూడా ఇక్కడే పట్టుకుంటుంది. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. రాత్రివేళ ఇల్లు పగులగొట్టి చొరబడడం, దోపిడీ వంటి వాటికి ఆ హక్కు విస్తృతంగానే ఉంది. అయినా అవసరానికి మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదని 37వ సెక్షన్ చెబుతుంది. మా ప్రాంతంలో ఎక్కువగా జరిగేవి ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ, బోరు మోటారు కేబుల్ దొంగతనాలు. తీగ పట్టుకుని పరుగెత్తేవాడి వీపు మీద కాల్చితే అది ఆత్మరక్షణ కాదు, జైలుకు దారి. అడవి పందుల కోసం పనికొస్తుందా అని అడిగేవారికీ నా జవాబు ఒక్కటే, పనికిరాదు. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు పడవచ్చు.

నిల్వ విషయంలో శ్రద్ధ తప్పదు. జూలై నుంచి అక్టోబరు దాకా తడి గాలికి ఉక్కు మీద గోధుమరంగు పొడి లేస్తుంది. తోలు ఒరలో పెట్టి లాకరులో వదిలేస్తే ఇంకా త్వరగా వస్తుంది, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. నేను నూనె గుడ్డతో తుడిచి, పొడి నూలు గుడ్డలో చుట్టి, పక్కన చెమ్మ పీల్చే పొట్లాలు పెడతాను. లాకరును గోడకు బోల్టులతో బిగించాలి, లేకపోతే దొంగ దాన్ని పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. తుపాకీ ఉందన్న మాట కూడా ఊళ్లో తిరగనివ్వకూడదు. ఇది 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన జిల్లా. తుపాకీ ఉన్న ఇంటిని జనం మామూలు ఇంటిలా చూడరని మా పెద్దలు చెప్పేవారు. ఆ మాట ఇప్పటికీ నిజమే.

ఎన్నికల కోడ్ వస్తే ఆయుధాన్ని పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. 2018 డిసెంబరు, 2019, 2023 నవంబరు, 2024 మే ఎన్నికలను లెక్కేసుకోండి. ఆ వారాలన్నీ ఇంట్లో రివాల్వర్ ఉండదు. గట్టి తలుపు, గడియ, ప్రహరీ దీపం, కుక్కలే కాపలా. దరఖాస్తు పెట్టేలోపే అవన్నీ సమకూర్చుకోవాలి. లైసెన్సు నా ఒక్కడి పేరునే ఉంది కాబట్టి నేను ఇంట్లో లేని రాత్రులు కూడా మావాళ్లకు అవే దిక్కు.

చివరగా, ఎవరు కొనకూడదో చెప్పాలి. ఇంట్లో తాగుడు ఉంటే వద్దు. చీటికీ మాటికీ చేయి లేచే మనిషి ఉంటే వద్దు. మనసు కుంగిన మనిషి ఉంటే అసలే వద్దు. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో ఒకరికి నిద్ర, తిండి తప్పి బతుకు మీద ఆశ సన్నగిల్లింది. తాళం చెవి నా మొలకే ఉన్నా నాకు నమ్మకం చాలలేదు. మర్నాడే రివాల్వర్‌ను, తూటాలను లైసెన్సు ఉన్న డీలరు దగ్గర భద్రపరిచాను. చట్టం ఆ వీలు కల్పించింది, డీలర్లు కొంత రుసుము తీసుకుంటారు. వైద్యం సాగినన్నాళ్లూ అది అక్కడే ఉంది, డాక్టరు ధైర్యం చెప్పాకే వెనక్కి తెచ్చుకున్నాను. ఇలాంటి అవసరం వస్తే రోజులు లెక్కపెట్టకండి, ఆ రోజే తీసుకెళ్లండి. తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రాసిన రసీదు అడిగి తీసుకుని లైసెన్సు పుస్తకంలోనే ఉంచండి.