కాయా డయాఫ్రం: రెండేళ్లు దగ్గర పడ్డాక నా మాట

పోయిన వేసవిలో అత్తయ్య మ్యూనిక్ వచ్చినప్పుడు, బాత్రూంలో తువ్వాలు మీద ఆరబెట్టిన దాన్ని చూసి "ఇంత బుల్లి కుక్కర్ ఎక్కడ కొన్నావమ్మా, గ్యాస్కెట్ ఇక్కడ ఆరేశావు?" అని అడిగారు. ఊదారంగు సిలికాన్, చుట్టూ మందపాటి అంచు. ఆవిడ తప్పేం లేదు. "పాప ఆట సామాను అత్తయ్యా" అనేసి లోపల పెట్టేశాను. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు గ్యాస్కెట్టే.

అసలు పేరు కాయా, గర్భం రాకుండా ఆడవాళ్లు లోపల పెట్టుకునే డయాఫ్రం. జర్మనీలో తయారైంది. జెల్ రాసి, గర్భాశయ ముఖద్వారానికి అడ్డంగా పెట్టుకోవాలి. కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పాతకాలం డయాఫ్రాలు రకరకాల సైజుల్లో వచ్చేవి, డాక్టరు కొలిచి ఇచ్చేవారు. ఇది ఒకే సైజు: పొడవు 75 మిల్లీమీటర్లు, వెడల్పు 67. పేరు వినగానే మా ఆయన "కాయా, పండా?" అన్నాడు. పండకూడదనే కదా కొన్నది!

నాకున్నది తలనొప్పికి ముందు కళ్లముందు మెరుపు గీతలు కనబడే రకం మైగ్రేన్. అలాంటివాళ్లకి ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు ఇవ్వరు, పక్షవాతం భయం. కాపర్-టీ వేయించుకుంటే నెలసరికి మంచం దిగలేకపోయాను, తీయించేశాను. తెనాలిలో అమ్మేమో "ఇంకొకర్ని కనేసి ఆపరేషన్ చేయించుకోవే" అంటుంది. ఆవిడకి తెలిసిన కుటుంబ నియంత్రణ అదొక్కటే.

ముందు చేదు మాట చెప్పేస్తాను. మామూలుగా అందరూ వాడినట్టు వాడితే, ఏడాదిలో 100 మందిలో 17, 18 మందికి గర్భం వస్తుంది. కాపర్-టీతో ఆ లెక్క ఒకరి లోపే. మాకు రెండోది ఇప్పుడొద్దు, కానీ వస్తే కొంప మునగదు. అందుకే నాకిది సరిపోయింది. గర్భం వస్తే ప్రాణం మీదకొచ్చే పరిస్థితి ఉన్నవాళ్లు దీని జోలికి రావద్దు. సుఖరోగాలను కూడా ఇది ఆపదు, దానికి కండోమే.

పెట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. మొదటిరోజు జెల్ రాసి, పక్కల పట్టుకోడానికున్న గుంటల దగ్గర రెండు వేళ్లతో నొక్కి మడిచానా, సబ్బుబిళ్లలా జారి ఎగిరి అద్దానికి కొట్టుకుంది. తర్వాత తెలివి తెచ్చుకుని పగలు, పాప కిండర్‌గార్టెన్‌కి వెళ్లాక, తొందర లేనప్పుడు సాధన చేశాను. పీట మీద కూర్చున్నంత కిందకి కూర్చుంటే సులువు. మనవాళ్లకి ఆ కూర్చోవడం కొత్త కాదుగా! కిందికీ వెనక్కీ తోయాలి, పైకి కాదు. ముందు అంచు ముందువైపు ఎముక వెనకాల ఒదిగి కూర్చోవాలి. ఆ తర్వాత అసలు పరీక్ష: వేలు పెట్టి చూస్తే, పల్చటి సిలికాన్ కింద ముక్కు కొనలా గట్టిగా ఒకటి తగలాలి. అదే ముఖద్వారం. అది సిలికాన్ కింద కాకుండా నేరుగా వేలికి తగిలిందంటే పెట్టినట్టే కాదు, తీసి మళ్లీ పెట్టాలి. నా మొదటి నాలుగు ప్రయత్నాల్లో రెండు అలాగే తప్పాయి. నేను సరిగ్గా పెట్టుకున్నానో లేదో లేడీ డాక్టరు దగ్గరకెళ్లి ఒకసారి చూపించుకున్నాను. ఒకే సైజు అంటే చాలామందికి పడుతుందని, అందరికీ అని కాదు. బాలింతలైతే కనీసం 6 వారాలు ఆగి, అప్పుడు కూడా చూపించుకునే మొదలుపెట్టాలి.

ఇక గడియారం. కలిశాక కనీసం 6 గంటలు తీయకూడదు. ఈలోపు మళ్లీ కలిస్తే దాన్ని కదపకుండా ఇంకాస్త జెల్ లోపలికి ఎక్కించాలి. మొత్తమ్మీద 24 గంటలు దాటనివ్వకూడదు. ఒకసారి శనివారం రాత్రి పెట్టుకుని, ఆదివారమంతా స్నేహితుల ఇంట్లో పులిహోర కలుపుతూ మరిచేపోయాను. తిరుగు రైల్లో గుర్తొచ్చేసరికి 22 గంటలు. తప్పు నా మతిమరుపుదే, వస్తువుది కాదు. ఆ మర్నాటి నుంచి ఫోన్లో "గ్యాస్కెట్" అని అలారం మోగుతోంది. ఎక్కువసేపు ఉంచేస్తే టాక్సిక్ షాక్ అనే అరుదైన జబ్బు రావచ్చు: ఒక్కసారిగా జ్వరం, వాంతులు, ఎండకి కమిలినట్టు ఒంటి మీద ఎరుపు. అలా అనిపిస్తే తీసేసి నేరుగా ఆసుపత్రికే. నెలసరి రోజుల్లో వాడకూడదన్నది కూడా అందుకే. డయాఫ్రం ఏదైనా సరే, మూత్రంలో ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువ. అయిపోగానే బాత్రూంకి వెళ్లిరావడం నేను అలవాటు చేసుకున్నాను.

జెల్ సంగతికొస్తే, నేను లాక్టిక్ ఆమ్లం ఉన్నది వాడుతున్నాను. నానాక్సినాల్-9 అనే, వీర్యకణాలను చంపే మందు ఉన్న రకాలు తరచూ వాడితే లోపలి పొర రేగి హెచ్ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది కనక అవి నాకొద్దనుకున్నాను. మనింట్లో అన్నిటికీ కొబ్బరినూనె రాసే చేతులు కదా, ఇక్కడ మాత్రం ఆగండి. నూనెలు, సిలికాన్ ద్రవాలు ఏవీ దీనికి పడవు, నీళ్లతో చేసినవే వాడాలి.

కడగడం తేలిక. చేతులు కడుక్కుని, గోరువెచ్చటి నీళ్లు, ఘాటులేని సబ్బు, నీడలో ఆరబెట్టడం. పౌడరు చల్లొద్దు. ప్రతిసారీ వాడేముందు దాన్ని బల్బుకి ఎత్తిపట్టి అంచు పొడుగునా చూస్తాను. ఒక్కోసారి గిన్నెలా పట్టుకుని నీళ్లు పోసి, కింద తడి వేలికి తగులుతుందేమో చూస్తాను. సూదిమొన చిల్లైనా సరే చెత్తబుట్టలోకే.

ఊరెళ్లినప్పుడు కొంటాలే అనుకోకండి. మన ప్రభుత్వ పథకంలో నిరోధ్, మాలా-ఎన్, కాపర్-టీ, 2017లో వచ్చిన అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ఉన్నాయి, డయాఫ్రం లేదు. తెనాలి బోస్ రోడ్డు మందుల షాపుల్లో నేను అడిగి చూశాను, ఒకాయన నా చేతిలో నిరోధ్ పెట్టాడు, ఇంకొకాయన అసలు తలెత్తలేదు. డబ్బా అడుగున కొన్న తేదీ స్కెచ్‌పెన్నుతో రాసిపెట్టుకున్నాను. కాగితంలో ఇచ్చిన గడువు ఈ శీతాకాలంతో తీరిపోతుంది. ఇంకోటి కొంటాను, జెల్ మాత్రం ఈసారి రెండు ట్యూబులు తీసుకోవాలి, మొదటిది నేను అనుకున్నదానికంటే చాలా తొందరగా అయిపోయింది.